చెక్క ఫ్లోరింగ్ లెక్క: ఒకే ఇంటికి రెండు కొటేషన్లు, ఇంత తేడా ఎందుకొచ్చింది?

కొత్తగోడలు
హాలు, ఒక బెడ్‌రూమ్, మధ్యలో పాసేజీ, ఈ మూడిటికీ చెక్క ఫ్లోరింగ్ వేయిద్దామని ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకున్నా. హాలు 18×14 అడుగులు, బెడ్‌రూమ్ 12×11, పాసేజీ 10×4. నేను టేపు పట్టుకుని కొలిస్తే 424 ఎస్ఎఫ్‌టీ వచ్చింది. మొదటాయన కూడా 424 అనే రాశాడు. రెండో ఆయన మాత్రం 472.5 అని రాశాడు, ఆ అర అడుగు ఎక్కడిదో కూడా అర్థం కాలేదు, అడిగితే "అంతే వస్తుందండీ" అన్నాడు. ఎస్ఎఫ్‌టీ రేటు కూడా రెండో ఆయనదే ఎక్కువ కాబట్టి మొత్తం చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. మొదటాయనకి అడ్వాన్సు ఇచ్చేద్దామని ఇంట్లో అంటున్నారు, నాకేమో మనసు ఒప్పుకోవట్లేదు. అసలు ఈ లెక్క ఎలా వేస్తారు? ఎవరిది కరెక్టు?

లెక్కల_పంతులు
472.5ని 21తో భాగించి చూడండి, 22.5 వస్తుంది. ఆయన మీ నేల కొలత రాయలేదు, డబ్బాలు రాశాడు. 424కి 10 శాతం వేస్టేజీ కలిపితే 466.4, దాన్ని 22.5తో భాగిస్తే 20.7. డబ్బా విప్పి సగం అమ్మరు కాబట్టి 21. మీ అర అడుగు అక్కడిది. డబ్బా మీద ఎంత కవర్ అవుతుందో ప్రింట్ చేసి ఉంటుంది, ఫొటో పంపమనండి తేలిపోతుంది.

కొత్తగోడలు
ఇప్పుడే ఫొటో తెప్పించుకున్నా, 22.5 అనే ఉంది! పంతులుగారూ దండం. మరి మొదటాయన 424 ఏంటి?

రంపంపొట్టు
నేను ఈ పనే చేస్తా. ఆయన ఉన్న నేల ఎంతో అంతే రాశాడు, మోసం అనను గానీ ఆ సరుకుతో పని పూర్తవదు. ప్రతి వరసా గోడ దగ్గరికి వచ్చేసరికి చివరి బోర్డు కోయాలి, కోసిన ముక్క ఒక అడుగు కంటే పొడుగుంటే తర్వాతి వరస దాంతో మొదలుపెడతాం, చిన్నదైతే పక్కన పడేస్తాం. ఆఖరి వరస నిలువునా చీల్చాలి, ఆ చీలిక ఎందుకూ పనికిరాదు. పైగా పక్కపక్క వరసల్లో జాయింట్లు ఒకే చోట పడకూడదు, అలా పడితే నేల బలహీనం, చూడ్డానికీ బాగోదు. తిన్నగా వేస్తే 5 నుంచి 10 శాతం, ఏటవాలుగా వేస్తే 15, హెరింగ్‌బోన్ అంటే ఆ చేపముల్లు డిజైన్ అయితే 15 నుంచి 20 దాకా పోతుంది. కొటేషన్‌లో 424 ఉంటే పని మధ్యలో "ఇంకో రెండు డబ్బాలు తెప్పించండి" అని మీకు ఫోన్ వస్తుంది.

నేలమీద_నడక
10 శాతం అనేది షాపుల వాళ్ళు అలవాటు చేసిన లెక్క. మా ఇంట్లో 5 శాతమే కలిపాం, ఇంకా మూడు బోర్డులు మిగిలాయి.

రంపంపొట్టు
@నేలమీద_నడక మీ గది ఎంత?

నేలమీద_నడక
30×16, ఒకటే పెద్ద హాలు, మూలలు ఏమీ లేవు.

రంపంపొట్టు
అదీ సంగతి. పొడుగాటి పెద్ద గదిలో కోతలు తక్కువ, 5 సరిపోతుంది. ఈయనకి 4 అడుగుల వెడల్పు పాసేజీ ఉంది, చిన్న బెడ్‌రూమ్ ఉంది, తలుపులు బోలెడు. పాసేజీలో బోర్డు ఏ దిక్కున వేస్తారన్నదాన్ని బట్టి కూడా వేస్టేజీ మారుతుంది, అడ్డంగా వేస్తే ప్రతి 4 అడుగులకీ ఒక కోత.

పాతఇల్లు_పద్మ
దయచేసి తక్కువ తెప్పించుకోకండి, మాకు జరిగింది చెప్తాను. మా దగ్గర ఒక్క డబ్బా తగ్గింది. పది రోజుల తర్వాత అదే కంపెనీ, అదే కోడ్, అదే పేరు ఉన్న డబ్బా తెచ్చారు, తీరా పరిచాక చూస్తే రంగు ఒక మోస్తరు ఎర్రగా ఉంది. బ్యాచ్ వేరట. ఆ ఆఖరి ఆరు వరసలు సరిగ్గా గుమ్మం ఎదురుగా పడ్డాయి, ఇంట్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ "ఇక్కడేమైనా రిపేరు చేశారా" అని అడుగుతారు. నాలుగేళ్ళుగా అక్కడ చాప పరుస్తున్నా. డబ్బాలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని దింపేటప్పుడే చూసుకోండి, ఒక డబ్బా ఎక్కువ కొని అటక మీద పెట్టుకోండి. రేపు ఏ కుక్కర్ మూతో పడి ఒక బోర్డు పగిలితే అదే అక్కరకొస్తుంది.

స్వాతిచినుకు
అందరూ ఎస్ఎఫ్‌టీల మీద పడ్డారు, నాకు ఒక డౌటు. ఇద్దరూ ఇచ్చేది ఒకటే సరుకేనా? కొటేషన్‌లో ఏం రాసుంది?

కొత్తగోడలు
ఇద్దరిదీ "వుడెన్ ఫ్లోరింగ్" అనే ఉంది.

స్వాతిచినుకు
అది పేరు కాదండీ, దాని కింద నాలుగు రకాలు దాక్కుని ఉంటాయి. మందం, రకం అడగండి.

కొత్తగోడలు
అడిగా. మొదటాయనది 8 మిల్లీమీటర్ల లామినేట్, ఏసీ3 అంట, అంటే అరుగుదలని ఎంత తట్టుకుంటుందో చెప్పే గ్రేడు. రెండో ఆయనది 14 మిల్లీమీటర్ల ఇంజనీర్డ్ వుడ్, పైన ఓక్ పొర 3 మిల్లీమీటర్లు. అంటే నేను వారం రోజులుగా రెండు వేర్వేరు వస్తువుల రేట్లు పక్కపక్కన పెట్టుకుని నిద్ర పాడుచేసుకున్నానన్నమాట.

హరిత_నేల
లామినేట్‌లో మీ కాలికి తగిలేది చెక్క కాదు. గట్టిగా నొక్కిన చెక్కపీచు బోర్డు మీద చెక్క బొమ్మ ముద్రించిన కాగితం, దానిమీద మెలమిన్ పొర, అరగకుండా అందులో అల్యూమినియం ఆక్సైడ్. ఇంజనీర్డ్‌లో పై పొర నిజం చెక్క, కింద ప్లైవుడ్ లాంటి పొరలు అడ్డంగా నిలువుగా అతికించి ఉంటాయి, అందుకే తేమకి ఒకే ముక్కగా ఉండే చెక్క వంగినంతగా ఇది వంగదు. సాలిడ్ అంటే 18, 20 మిల్లీమీటర్ల మందం, మొత్తం ఒకే చెక్క. నాలుగోది ఎస్‌పీసీ, అది రాతిపొడి కలిపిన ప్లాస్టిక్, చెక్క రంగు తప్ప చెక్క లేదు. రేట్లు పోల్చాలంటే ముందు ఒకే గంపలోవి తీసుకోవాలి.

నేలమీద_నడక
లామినేట్‌ని మరీ తీసిపారేయకండి. మాది ఏసీ4, తొమ్మిదేళ్ళయింది, ఇద్దరు పిల్లలు సైకిలు తొక్కారు దానిమీద, ఒక్క గీత లేదు. ఓక్ అయితే ఈపాటికి గీతలమయం అయ్యేది.

హరిత_నేల
గీత పడదు, ఒప్పుకుంటా. కానీ ఒకసారి పై పొర పోయాక సాండింగ్, అంటే గరుకు కాగితంతో రుద్ది పైభాగం నున్నగా చేయడం, పట్టడానికి అందులో ఏమీ ఉండదు, నీళ్ళు అంచుల్లోంచి లోపలికి దిగితే బోర్డు ఉబ్బిపోతుంది, మార్చుకోవడమే. 3 మిల్లీమీటర్ల ఓక్ పొర ఉంటే ఒకటి రెండుసార్లు సాండింగ్ పట్టి మళ్ళీ పాలిష్ వేసుకోవచ్చు, సాలిడ్ అయితే ఇంకా ఎక్కువసార్లు. అందుకని ఎస్ఎఫ్‌టీ రేటు కాకుండా, ఎన్నేళ్ళు వస్తుంది, ఆ ఏళ్ళలో ఎన్నిసార్లు సాండింగ్, పాలిష్ అన్నది కలిపి ఏడాదికి ఎంత పడుతుందో చూడాలి.

నేలమీద_నడక
ఆ లెక్కలో సాండింగ్ చేసే వారం రోజులు సామానంతా ఎక్కడ పెట్టాలి, మనం ఎక్కడుండాలి అన్న ఖర్చు కూడా కలపండి మరి.

హరిత_నేల
కలపాల్సిందే, అది న్యాయమైన మాటే.

చిత్రిక_మావయ్య
మీలో ఎవరైనా డబ్బా బోర్డులు కాకుండా కలప కొని వడ్రంగి చేత చేయిద్దామనుకుంటే లెక్క వేరే. కలప ఘనపు అడుగుల్లో అమ్ముతారు. ఒక ఘనపు అడుగుని అంగుళం మందాన కోస్తే కాగితం మీద 12 చదరపు అడుగులు రావాలి. కానీ ప్రతి కోతకీ రంపం మందాన పొట్టుగా పోతుంది, తర్వాత రెండు వైపులా చిత్రిక పట్టాలి, పగుళ్ళు ముళ్ళు ఉన్న చోట తీసేయాలి. ఆ పైన టంగ్ ఉంది, అంటే పక్క బోర్డు గాడిలోకి దూరే అంచు. 4 అంగుళాల బోర్డుకి పావు అంగుళం టంగ్ తీస్తే పైకి కనిపించేది 3.75, వంద అడుగుల బోర్డు వేస్తే నేల మీద దాదాపు 94 అడుగులే కనిపిస్తుంది. ఇదంతా పోయాక వేస్టేజీ అప్పుడు కలపాలి. చాలామంది 12తో భాగించేసి కలప కొని తర్వాత తల పట్టుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం కలప బాగా ఆరి ఉండాలి, పచ్చి కలపతో వేస్తే ఏడాది తిరక్కుండా బోర్డుల మధ్య సందులు తేలతాయి.

బుడిబుడి_అడుగులు
మావయ్యగారూ టేకు గట్టిది కదా, ఓక్ కంటే టేకే నయం కదా?

చిత్రిక_మావయ్య
టేకు మంచిదే, కానీ గట్టిదనం వల్ల కాదు. గట్టిదనానికి జంకా అని ఒక కొలత ఉంది, ఉక్కు గుండుని చెక్కలోకి సగం దిగేదాకా నొక్కడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. రెడ్ ఓక్ 1290 పౌండ్లు, హార్డ్ మేపుల్ 1450, టేకు వెయ్యి పైచిలుకు. టేకు గొప్పతనం దానిలోని నూనె, తేమకి తక్కువ కదులుతుంది, చెదలు అంత త్వరగా పట్టదు. హీల్స్ చెప్పుల గుంటలు మాత్రం టేకు మీదా పడతాయి.

సైట్_మనిషి
బోర్డుల గురించి అంతా మాట్లాడారు, దాని కింద నేల గురించి ఎవరూ మాట్లాడలేదు. నా అనుభవంలో కొటేషన్ తలకిందులయ్యేది అక్కడే. 2 మీటర్ల తిన్నటి అల్యూమినియం పట్టీ తీసుకుని నేల మీద అటూ ఇటూ తిప్పండి, దాని కింద 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ సందు కనిపిస్తే లెవెలింగ్ చేయాలి. లేకపోతే నడిచినప్పుడల్లా బోర్డు కిందకి మీదకి ఊగి టకటక శబ్దం వస్తుంది, బోర్డుల అంచులు ఒకదాన్నొకటి పట్టుకునే క్లిక్ లాక్ విరుగుతుంది. నీళ్ళు కలిపి పోస్తే తనంతట తనే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ పౌడర్ చదరపు మీటరుకి ఒక మిల్లీమీటరు మందానికి దాదాపు 1.7 కేజీలు పడుతుంది. మీ హాలు 252 అడుగులు అంటే 23.4 చదరపు మీటర్లు, సగటున 3 మిల్లీమీటర్లు పోయాలంటే 119 కేజీలు, 25 కేజీల బస్తాలు ఐదు. ప్రైమర్, కూలీ వేరే. ఇద్దరి కొటేషన్‌లోనూ లెవెలింగ్ లైను ఉందా?

కొత్తగోడలు
లేదు. ఇద్దరూ కింద చిన్న అక్షరాల్లో "నేల సమతలంగా ఉన్నచో" అని రాశారు, ఇప్పుడే గమనించా.

సైట్_మనిషి
ఆ ఒక్క ముక్క మీదే తర్వాత గొడవలన్నీ. ఇంకొకటి, తేమ. కొత్త కాంక్రీటు అయితే అంగుళం మందానికి నెల చొప్పున ఆరాలని మోటు లెక్క. పాతదైనా ఒక పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు: అడుగున్నర చదరం పారదర్శక ప్లాస్టిక్ షీటు నేలకి నాలుగు వైపులా గట్టిగా టేపు వేసి అతికించి కనీసం 16 గంటలు వదిలేయండి. తీశాక లోపల నీటి చుక్కలు గానీ కింద నేల నల్లబడటం గానీ ఉంటే తేమ ఉన్నట్టే. గదికి ఒకటి పెట్టండి, బాత్‌రూమ్ గోడ పక్కన తప్పకుండా పెట్టండి.

కొత్తగోడలు
ఈ రాత్రే పెడతా.

లెక్కల_పంతులు
ఈలోపు మీ కొలతలు కూడా సరిచేద్దాం. బెడ్‌రూమ్‌లో గోడకి బిగించిన వార్డ్‌రోబ్ ఉందా? గుమ్మాల కింద గోడ మందం కలిపారా?

కొత్తగోడలు
వార్డ్‌రోబ్ ఉంది, 8×2, మూలకి. గుమ్మాల సంగతి అసలు ఆలోచించలేదు. బెడ్‌రూమ్ గుమ్మం 3 అడుగులు, హాలు నుంచి పాసేజీకి తలుపు లేని ఓపెనింగ్ 4 అడుగులు, గోడ 9 అంగుళాలు.

లెక్కల_పంతులు
బెడ్‌రూమ్ 132లో 16 తీసేస్తే 116. హాలు 252, పాసేజీ 40. గుమ్మాలు 2.25, 3. మొత్తం 413.25. దీనికి 8 శాతం కలిపితే 446.3, అంటే 19.8 డబ్బాలు, 20 కొంటే చాలు. 10 శాతం కలిపితే 454.6, అంటే 20.2, 21 కొనాలి. రెండు శాతం దగ్గర ఒక డబ్బా ఊగుతోంది.

పాతఇల్లు_పద్మ
21 కొనండి! మా చాప గుర్తుపెట్టుకోండి.

రంపంపొట్టు
నేనూ 21 అంటా. విప్పని డబ్బా వెనక్కి తీసుకుంటారేమో ముందే రాయించుకోండి, అప్పుడు ఏ బాధా లేదు.

బుడిబుడి_అడుగులు
మాకు మెట్లు కూడా ఉన్నాయి, 16. వాటినీ ఎస్ఎఫ్‌టీలో కలిపేయొచ్చా?

రంపంపొట్టు
కలపకండి. మెట్టుకి ఇంత అని విడిగా అడగండి. అడుగు పెట్టే పలక, నిలువు పలక, అంచుకి నోజింగ్ పట్టీ, ఈ మూడూ ఉంటాయి, కూలీ కూడా మెట్టు చొప్పునే. నేల మీద ఒక గది వేసే టైము మెట్లకి పట్టేస్తుంది ఒక్కోసారి.

హరిత_నేల
కొటేషన్‌లో ఇంకా ఏమేం లైన్లు ఉండాలో రంపంపొట్టు గారు చెప్తే బావుంటుంది, మాకు పనయ్యాక ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి.

రంపంపొట్టు
చెప్తా. వేసే పద్ధతి ముందు రాయించండి, ఫ్లోటింగ్ అంటే కింద అండర్‌లే అనే పల్చటి మెత్తటి పొర పరిచి దానిమీద బోర్డులు ఒకదానికొకటి లాక్ చేయడం, నేలకి అతకదు. గమ్‌తో అతికిస్తే నడిచినప్పుడు డొల్ల శబ్దం ఉండదు గానీ చదరపు మీటరుకి కేజీ పైన గమ్ పడుతుంది, ఈయన నేల 38 మీటర్లు కాబట్టి 40, 45 కేజీలు, అది చిన్న ఖర్చు కాదు. ఫ్లోటింగ్ అయితే అండర్‌లే 2, 3 మిల్లీమీటర్లది, కాంక్రీటు మీద అయితే దాని కింద తేమ ఆపే పాలిథిన్ షీటు, జాయింట్ల దగ్గర ఒకదానిమీద ఒకటి జానెడు ఎక్కించి టేపు వేయాలి, ఆ ఎక్కుడుకి కూడా కొలత కలపాలి. తర్వాత స్కర్టింగ్. చుట్టూ గోడకి 10 మిల్లీమీటర్ల సందు వదలాలి, చెక్క తేమకి సాగుతుంది కాబట్టి, ఆ సందుని కప్పేది స్కర్టింగే. పాత స్కర్టింగ్ ఉంచేస్తే దానికి ఆనించి క్వార్టర్ రౌండ్ పట్టీ కావాలి. గుమ్మాల దగ్గర ప్రొఫైల్ పట్టీలు, రెండు వైపులా ఒకే ఎత్తయితే టీ పట్టీ, టైల్స్ వైపు దిగుతుంటే రెడ్యూసర్. తలుపుల కింద కోయడం, దాన్ని చాలామంది మర్చిపోతారు, 14 మిల్లీమీటర్ల బోర్డు, 2 అండర్‌లే కలిపితే నేల 16 మిల్లీమీటర్లు లేస్తుంది, తలుపు కదలదు. పాత నేల పీకితే ఆ కూలీ, చెత్త తీసుకెళ్ళే బండి. ఇవన్నీ వేర్వేరు లైన్లుగా ఉంటేనే ఇద్దరి కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడగలరు.

కొత్తగోడలు
స్కర్టింగ్ నేను వేసి చూశా, సరిచూడండి. మూడు గదుల చుట్టుకొలత 64, 46, 28, మొత్తం 138 అడుగులు. గుమ్మాలు, బాల్కనీ తలుపు అన్నీ కలిపి 29.5, బెడ్‌రూమ్ గుమ్మం, పాసేజీ ఓపెనింగ్ రెండు వైపులా తీశాను. వార్డ్‌రోబ్ వెనక గోడ 10. మిగిలింది 98.5. 8 అడుగుల ముక్కలైతే 13.

లెక్కల_పంతులు
లెక్క కరెక్టు. మూలల్లో ఏటవాలు కోతలుంటాయి, 14 తీసుకోండి.

బుడిబుడి_అడుగులు
డబ్బాలు రాగానే వేసేయొచ్చా? మా వాళ్ళు మూడు రోజులు గదిలోనే ఉంచమన్నారు, మా బుడ్డోడు వాటితో కోట కట్టుకుని లోపల పడుకున్నాడు.

రంపంపొట్టు
కరెక్టుగా చెప్పారు. వేసే గదిలోనే 48 నుంచి 72 గంటలు, డబ్బాలు పడుకోబెట్టి ఉంచాలి, ఆ గది గాలికి చెక్క అలవాటు పడాలి. కోట కూడా ఆ గదిలోనే కడితే మంచిది.

కొత్తగోడలు
షీట్లు తీశా. 18 గంటలు ఉంచాను. హాలు పొడిగా ఉంది, బెడ్‌రూమ్ కిటికీ వైపు పొడిగా ఉంది. బాత్‌రూమ్ గోడ పక్కన పాసేజీలో పెట్టిన దాని లోపల మొత్తం చుక్కలు, వేలితో గీస్తే నీరు కారింది. పట్టీ పెట్టి చూస్తే హాలు మధ్యలో 5 మిల్లీమీటర్ల పల్లం కూడా ఉంది.

సైట్_మనిషి
అడ్వాన్సు ఇవ్వకండి, ఎవరికీ. ఒక్క చోటే తేమ ఉందంటే అది కాంక్రీటు ఆరకపోవడం కాదు, పైపు గానీ బాత్‌రూమ్ నేల వాటర్‌ప్రూఫింగ్ గానీ అయ్యుంటుంది. కింద పాలిథిన్ వేసి కప్పేస్తే కనిపించదు, కానీ నీరు పక్కకి పాకి హాలు బోర్డులు ఎత్తుతుంది. ముందు అది ఆపి, ఆరబెట్టి, మళ్ళీ షీటు పరీక్ష చేసి, అప్పుడు లెవెలింగ్.

నేలమీద_నడక
ఈ పరిస్థితిలో మా లామినేట్ వేసుంటే ఆరు నెలల్లో ఉబ్బేది, ఇది మాత్రం నేనే ఒప్పుకుంటా.

హరిత_నేల
ఓక్ అయినా అంతే. బోర్డు అంచులు పైకి లేచి దొన్నెలా వంగుతాయి.

కొత్తగోడలు
ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పా. మొదటాయన "మందం షీటు వేసేద్దాం, ఏం కాదు" అన్నాడు. రెండో ఆయన మాత్రం అది తేలేదాకా డబ్బాలు దింపనన్నాడు, లైన్లు విడగొట్టి మళ్ళీ రాసిస్తానన్నాడు, 21 డబ్బాలు, 14 స్కర్టింగ్, ఐదు బస్తాల లెవెలింగ్‌తో. ప్లంబర్ రేపు పొద్దున్నే వస్తున్నాడు. షీటు ఇంకో రెండు చోట్ల అతికించి పడుకుంటున్నా, పొద్దున చూసి ఏమైందో రాస్తా.